చీము పొక్కుల సోరియాసిస్: ముందు అంకె, తర్వాతే మందు

సంపాదకులకు నమస్కారం.

ఏటా అక్టోబరు 29న ప్రపంచ సోరియాసిస్ దినం వస్తుంది. ఆ వారం ఆరోగ్యం పేజీల్లో కనిపించేదంతా మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో రాలే తెల్లటి పొలుసుల సంగతే. ఎక్కువ మందికి వచ్చేది అదే కాబట్టి అందులో తప్పేమీ లేదు. కానీ ఆ వ్యాసాలన్నీ దాదాపు ఒకే మాటతో ముగుస్తాయి: ఇది అంటుకోదు, ప్రాణం మీదికి రాదు, కంగారు పడొద్దని. అంటుకోదన్నది అన్ని రకాలకూ నిజం. ప్రాణం మీదికి రాదన్నది మాత్రం ఒక రకానికి చెల్లదు. ఒళ్లంతా చీము పొక్కులు లేచే జనరలైజ్డ్ పస్ట్యులర్ సోరియాసిస్ అది. ఆసుపత్రుల్లో జీపీపీ అంటారు. 1910లోనే లియో ఫాన్ జుంబుష్ అనే వైద్యుడు దీన్ని వివరంగా రాసిపెట్టాడు. అరుదైన జబ్బు గనుక చాలామంది వైద్యులు పుస్తకంలో చదవడమే గానీ కళ్లారా చూసి ఉండరు. అందుకే మొదటి రెండు మూడు రోజులు చేజారిపోతుంటాయి. ఆ రోజుల్లో ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు ఒళ్లు కందుతుంది. చంకలు, గజ్జలు, రొమ్ముల కింది మడతలు సెగ తగిలినట్టు మండుతాయి. గంటల్లోనే ఆ కందిన చోట ఆవగింజంత పసుపు పొక్కులు గుంపుగా లేస్తాయి. పక్కపక్కవి కలిసిపోయి చిన్న చిన్న చీము మడుగులవుతాయి. ఒకటి రెండు రోజుల్లో అవి ఎండి ఉల్లిపొర లాంటి పొర ఊడుతుంది. ఊడిన అంచునే కొత్త వరుస మొదలవుతుంది. దురద కన్నా మంట, నొప్పి ఎక్కువ. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. చలిజ్వరం, కీళ్లనొప్పులు, కాళ్ల వాపు తోడవుతాయి. కొందరికి నాలుక పగుళ్లిస్తుంది.

ఆ చీములో క్రిములు ఉండవు. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పైచర్మంలోకి దండుగా చేరడం వల్ల కట్టిన చీము అది. ఇంటర్‌ల్యూకిన్ 36 అనే రసాయన సంకేతం అదుపు తప్పడమే దీనికి మూలం. దాన్ని అదుపులో ఉంచే ప్రోటీన్‌ను తయారుచేసే ఐఎల్36ఆర్‌ఎన్ జన్యువులో కొందరికి లోపం ఉంటుందని 2011లో బయటపడింది. అందరికీ ఆ లోపం ఉండదు. కొందరికి అంతకుముందు మామూలు సోరియాసిస్ కూడా ఉండదు. కాబట్టి ‘మా ఇంట్లో ఎవరికీ లేదు’ అన్నంత మాత్రాన జీపీపీ కాదని తీసేయకూడదు.

ఊళ్లలో దీన్ని చూడగానే అమ్మవారు పోసిందంటారు. వేపమండలు పరుస్తారు, నీళ్లు పోయడం ఆపేస్తారు, వేసుకుంటున్న మందులూ మాన్పిస్తారు. తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. ఆటలమ్మ పొక్కు తేట నీటితో మొదలవుతుంది, దేనికది విడిగా ఉంటుంది. జీపీపీ పొక్కు పుట్టుకతోనే చీముతో, కందిన చర్మం మీద గుంపుగా లేస్తుంది. ఆసుపత్రిలో జరిగే పొరపాటు వేరు. జ్వరం, చీము, పెరిగిన తెల్లకణాలు చూసి ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ మారుస్తారు. పగలని పొక్కు ఒకటి చూసుకుని శుభ్రమైన సూదితో గుచ్చి, ఆ చీమును, అందులో క్రిములున్నాయో లేదో చూసే గ్రామ్ స్టెయిన్‌కూ కల్చర్‌కూ పంపితే చాలా అనుమానం తీరుతుంది. చీముకణాలు దండిగా ఉండి క్రిములు లేవంటే దారి తెలిసినట్టే. మందు పడక ఇలాంటి పొక్కులే రావడం ఇంకో సంగతి. దాన్ని ఏజెప్ అంటారు. కొత్త మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లో వస్తుంది, ఆ మందు ఆపాక రెండు వారాల లోపు సర్దుకుంటుంది. గత నాలుగు వారాల్లో వాడిన ప్రతి మాత్ర పేరూ రాబట్టాల్సింది ఇందుకే.

జీపీపీని రేపే కారణాల్లో మన దగ్గర మొట్టమొదట అడగాల్సింది స్టెరాయిడ్ గురించి. దురదకని డెక్సామెథసోన్ సూది, బీటామెథసోన్ మాత్రలు నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపేసినప్పుడు జీపీపీ విరుచుకుపడుతుంది. ‘నెలకో సూది’ అంటే అది ట్రయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్ కావచ్చు. ‘పసరు మందు, పొడి’ అన్నా వదలకూడదు, స్టెరాయిడ్ కలిపిన పొడులు లేకపోలేదు. గొంతు ఇన్‌ఫెక్షన్లు, గర్భం, లిథియం, హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా ఈ జాబితాలో ఉన్నాయి. తామరకు ఇప్పుడు విరివిగా రాస్తున్న టెర్బినఫిన్ కూడా అంతే. తామర అనుకుని ఆ మాత్ర రాసే ముందు ఆ మచ్చ సోరియాసిస్ కాదని ఒకసారి గోకి చూసి రాస్తే నష్టం లేదు.

ఇక అసలు విషయం. తీవ్రతను ‘చాలా ఎక్కువ’, ‘కాస్త తగ్గింది’ అని మాటల్లో కాకుండా అంకెల్లో రాయాలి. జపాన్ చర్మవైద్యుల సంఘం మార్గదర్శకాల్లో 17 మార్కుల కొలత ఒకటి ఉంది. మంచం పక్కనే వేయొచ్చు, ఖరీదైన పరీక్షలు అక్కర్లేదు. చర్మానికి 9 మార్కులు, జ్వరం, రక్తపరీక్షలు చూసి ఒంటి పరిస్థితికి 8. చర్మం కందిన భాగం ఒంట్లో 25 శాతం లోపైతే 1, 75 లోపైతే 2, ఆపైన 3. పొక్కులు ఉన్న భాగం 10 శాతం లోపైతే 1, 50 లోపైతే 2, ఆపైన 3. చర్మం వాపుకూ ఇవే హద్దులు. శాతం తెలియడానికి రోగి అరచెయ్యే కొలబద్ద: వేళ్లతో సహా అది ఒంట్లో దాదాపు 1 శాతం. తర్వాత జ్వరం: 37 డిగ్రీల సెల్సియస్ నుంచి 1, 38.5 నుంచి 2. తెల్లకణాలు: మైక్రోలీటరు రక్తానికి 10,000 నుంచి 1, 15,000 నుంచి 2. సి.ఆర్.పి. (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష): డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాముల నుంచి 1, 7 నుంచి 2. రక్తంలోని ప్రోటీన్ ఆల్బుమిన్ ఒక్కటే తిరగేసి చూడాలి: డెసిలీటరుకు 3.8 గ్రాముల కన్నా తగ్గితే 1, 3 కన్నా తగ్గితే 2. మొత్తం 6 వరకు స్వల్పం, 7 నుంచి 10 మధ్యస్థం, 11 నుంచి తీవ్రం.

ఒకసారి వేసి చూపిస్తాం. ఒంట్లో 80 శాతం కందింది, 3. పొక్కులు 30 శాతం, 2. వాపు 5 శాతం, 1. చర్మానికి 6 వచ్చాయి. జ్వరం 38.8, 2. తెల్లకణాలు 17,500, 2. సి.ఆర్.పి. లీటరుకు 84 మిల్లీగ్రాములు, అంటే డెసిలీటరుకు 8.4, దానికి 2. ఆల్బుమిన్ 3.2, 1. ఒంటికి 7. మొత్తం 13, తీవ్రం.

ఈ లెక్కలో కాలు జారే చోట్లు నాలుగున్నాయి. మొదటిది సి.ఆర్.పి. కొలత. మన ల్యాబులు ఎక్కువగా లీటరుకు ఎంతో రాస్తాయి, జపాన్ కొలత డెసిలీటరుకు. పదితో భాగించకపోతే లీటరుకు 12 మిల్లీగ్రాములు ఉన్న మనిషికి కూడా 2 మార్కులు పడిపోతాయి. లీటరు లెక్కలో హద్దులు 3, 70 అని గుర్తుపెట్టుకుంటే సరి. రెండోది జ్వరం. పారాసిటమాల్ వేసిన గంటకు చూసి 37 అని రాస్తే ఆ అంకెకు అర్థం లేదు. వేయకముందు చూడాలి, టైము రాయాలి. ఫారెన్‌హీట్ థర్మామీటరైతే 38.5 అంటే 101.3. మూడోది తెల్లకణాలు. స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లకు అవి ఎలాగూ పెరుగుతాయి, ఆ సంగతి పక్కన రాసిపెట్టాలి. నాలుగోది మన చర్మం రంగు. పుస్తకాల్లోని ఫొటోలు తెల్లవాళ్లవి, నిప్పులా ఎర్రగా కనిపిస్తాయి. చామనఛాయ ఒంటి మీద కందడం నేరేడుపండు రంగులో ఉంటుంది, ఇంకాస్త నల్లని ఒంటి మీద బూడిద రంగులోకి దిగుతుంది. కంటిని నమ్ముకుంటే మార్కులు తగ్గిపోతాయి. చేతి వెనక భాగంతో తాకి వేడి చూడాలి, పక్కనున్న మంచి చర్మంతో పోల్చాలి.

అంకె చిన్నదైనా గర్భిణులను, పసిపిల్లలను, ముసలివాళ్లను ఇంటికి పంపకూడదు. ఆయాసం, మూత్రం తగ్గడం, కళ్లు పచ్చబడటం, మాట తడబడటం, ఫిట్స్: వీటిలో ఒక్కటి కనిపించినా మార్కులు పక్కనపెట్టి ఐసీయూ ఉన్న చోటికి తరలించాలి.

స్వల్పంగా ఉంటే తొందర లేదు. పైపూతగా తెల్ల వాసెలిన్ లేదా లిక్విడ్ పారాఫిన్, తక్కువ మోతాదు స్టెరాయిడ్ క్రీము, లోపలికి ఎసిట్రెటిన్. కిలో బరువుకు రోజుకు అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము. 60 కిలోల మనిషికి 25 ఒకటి, 10 రెండు, మొత్తం 45 మిల్లీగ్రాములు, భోజనంతో పాటు. వారం పది రోజుల్లో కొత్త పొక్కులు తగ్గుముఖం పడతాయి. పెదాలు పగులుతాయి, రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు పెరుగుతుంది. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకు మాత్రం ఇది తేలిగ్గా రాసే మందు కాదు. ఆపాక కూడా 3 ఏళ్లు గర్భం దాల్చకూడదు. మద్యం తాగితే అది ఒంట్లో ఎట్రెటినేట్‌గా మారి ఇంకా ఎక్కువ కాలం నిలిచిపోతుంది. ఈ మాట ఆమెకూ, భర్తకూ చెప్పి, చెప్పినట్టు కేస్ షీట్‌లో రాయాలి.

మధ్యస్థ స్థాయిలో ఎసిట్రెటిన్ గానీ, సైక్లోస్పోరిన్ గానీ, మెథోట్రెక్సేట్ గానీ. మెథోట్రెక్సేట్ చవక, దొరకని ఊరుండదు, ప్రమాదమూ అక్కడే పొంచి ఉంటుంది. వారానికి ఒక్కసారి వేయాల్సిన మాత్ర అది. చీటీ మీద ‘వారానికి 15’ అని మాత్రమే ఉంటే చదివేవాళ్లు రోజూ వేసుకున్న సందర్భాలున్నాయి. నోట్లో పుళ్లు, తర్వాత రక్తకణాలు పడిపోవడం, ఆ తర్వాత చెప్పక్కర్లేదు. ‘ప్రతి ఆదివారం మాత్రమే’ అని వారం పేరు తెలుగులో రాయాలి. ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు వేరే రోజున. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ తోడు ఇవ్వకూడదు. జీపీపీ ఉధృతంగా ఉన్నప్పుడు ఒంట్లో నీరు తగ్గి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరుగుతుంది. అప్పుడు మెథోట్రెక్సేట్ బయటికి పోయే దారి మూసుకుంటుంది. కాబట్టి క్రియాటినిన్ చూడకుండా మొదటి మోతాదు వేయడం తప్పు. అది పనిచేయడానికి వారాలు పడుతుంది కూడా. 13 మార్కుల మనిషికి ఆ ఒక్క మందునే నమ్ముకుని కూర్చోలేం.

తీవ్రంగా ఉంటే త్వరగా పట్టే మందు కావాలి. సైక్లోస్పోరిన్ కిలోకు రోజుకు 2.5 నుంచి 5 మిల్లీగ్రాములు, రెండు పూటలుగా. 60 కిలోలకు కిలోకు 4 చొప్పున లెక్కేస్తే 240, అంటే పూటకు 120 (గుళికల్లో దాదాపు 125). రోజూ బీపీ, మొదట్లో వారానికోసారి క్రియాటినిన్. మొదటి విలువ కన్నా 30 శాతం పెరిగితే మోతాదు తగ్గించాలి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అయితే కిలోకు 5 మిల్లీగ్రాములు, 60 కిలోలకు 100 మిల్లీగ్రాముల సీసాలు మూడు, కనీసం 2 గంటలు ఎక్కించాలి. 0, 2, 6 వారాల్లో ఇచ్చి తర్వాత 8 వారాలకోసారి. దానికి ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ కోసం మాంటూ లేదా ఇగ్రా, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షలు తప్పవు. మన దగ్గర నిద్రాణంగా టీబీ ఉన్నవాళ్లు తక్కువేం కాదు, ఈ మందు దాన్ని లేపుతుంది. ఈ పరీక్షల ఫలితాలు వచ్చేలోగా సైక్లోస్పోరిన్ మొదలుపెట్టడం మా దృష్టిలో సరైన పద్ధతి.

ఇంటర్‌ల్యూకిన్ 36 గ్రాహకాన్నే నేరుగా అడ్డుకునే మందు స్పెసొలిమాబ్. దీనికి అమెరికాలో 2022 సెప్టెంబరు 1న అనుమతి వచ్చింది. 53 మందిపై జరిగిన పరీక్షలో వారం తిరిగేసరికి కంటికి పొక్కే కనిపించనివాళ్లు మందు తీసుకున్నవారిలో 54 శాతం, ఉత్త సెలైన్ లాంటిది ఎక్కించుకున్నవారిలో 6 శాతం. 900 మిల్లీగ్రాములు, గంటన్నరలో నరానికి ఎక్కిస్తారు. తగ్గకపోతే వారం తర్వాత ఇంకో మోతాదు. జబ్బు మళ్లీ తిరగబెట్టకుండా చర్మం కింద ఇచ్చే సూదికి 2024 మార్చిలో అక్కడే అనుమతి లభించింది. మంచి మందే, కానీ మామూలు కుటుంబాలు మోయగలిగిన ధర కాదు. అది లేదని చేతులు ముడుచుకోనక్కర్లేదు. పైన చెప్పిన పాత మందులతోనే, సమయానికి మొదలుపెడితే, చాలామందిని ఒడ్డున పడేయవచ్చు.

మందు సగం, నర్సింగ్ సగం. పొలుసులతో పాటు ఒంటి వేడీ, నీరూ, ప్రోటీనూ పోతూనే ఉంటాయి. జ్వరం ఉందని ఏసీ పెంచి ఫ్యాన్ కింద పడుకోబెడితే అదే ఒళ్లు చల్లబడిపోతుంది. మూత్రం గంటకు కిలోకు అర మిల్లీలీటరుకు తగ్గకుండా సెలైన్ చూసుకోవాలి. గుడ్డ ఒంటికి అంటుకుపోయి పొరతో సహా ఊడుతుంది గనుక మంచం మీద కడిగి ఆరబెట్టిన అరటాకులు పరచడం ధర్మాసుపత్రుల్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి, అంతకన్నా మెత్తని పరుపు మాకు తెలియదు. తారు మందులు, శాలిసిలిక్ ఆయింట్‌మెంట్, కాల్సిపోట్రయాల్ ఈ దశలో పూయకూడదు, మంట పెరుగుతుంది. ఘాటైన స్టెరాయిడ్ ఒళ్లంతా పూస్తే తెరుచుకున్న చర్మం గుండా రక్తంలోకి పోతుంది, ఆపగానే మళ్లీ మొదటికొస్తుంది.

తిండి దగ్గర మన పథ్యం చేసే చెడుపు అంతా ఇంతా కాదు. చర్మవ్యాధి అనగానే గుడ్డు, చేప, పప్పు, వంకాయ మాన్పించి చారన్నం పెడతారు. ఆల్బుమిన్ 2.6కు పడిన మనిషికి చారన్నమా! కిలోకు గ్రామున్నర ప్రోటీన్, 60 కిలోలకు రోజుకు 90 గ్రాములు కావాలి. గుడ్డు ఒకటికి 6 గ్రాములు. రెండు పూటలా పప్పు, రెండు మూడు గుడ్లు, పాలు, పెరుగు, తినేవాళ్లకు చేప. కిడ్నీ బాగుంటే ఇందులో మానాల్సింది ఏదీ లేదు.

కాల్షియం గురించి కాస్త ఆగి చెప్పాలి. జీపీపీలో అది తగ్గుతుంది, తగ్గితే పొక్కులు ఇంకా రేగుతాయి, ఫిట్స్ వస్తాయి. కానీ ఆల్బుమిన్ తగ్గినప్పుడు రిపోర్టులో కాల్షియం ఉత్తినే తక్కువగా కనిపిస్తుంది. 4లోంచి ఆల్బుమిన్ తీసేసి, మిగిలినదాన్ని 0.8తో గుణించి, కాల్షియంకు కలపాలి. కాల్షియం 7.6, ఆల్బుమిన్ 2.4 అనుకుంటే 1.6 ను 0.8తో గుణిస్తే 1.28, కలిపితే దాదాపు 8.9. అంటే మామూలే. అయొనైజ్డ్ కాల్షియం చేసే వీలుంటే అదే మేలు. నిజంగా తగ్గి, వేళ్లు కొంకర్లు పోతుంటే 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు, ఈసీజీ చూస్తూ 10 నిమిషాల పాటు నెమ్మదిగా ఇవ్వాలి.

గర్భిణికి లెక్క మారుతుంది. సాధారణంగా చివరి మూడు నెలల్లో వస్తుంది. ఎసిట్రెటిన్, మెథోట్రెక్సేట్ రెండూ నిషిద్ధం. ఇక్కడ ప్రెడ్నిసొలోన్, సైక్లోస్పోరిన్ వాడతారు. మామూలుగా మేం భయపడే స్టెరాయిడే ఇక్కడ చికిత్స. అయితే ప్రసవం అయిన మర్నాడే ఆపేయకూడదు, వారాల మీద తగ్గించాలి. మాయ సరిగా పనిచేయక బిడ్డకు ముప్పు ఉంటుంది కాబట్టి గైనకాలజిస్టు రోజూ చూడాలి. తర్వాతి కాన్పులో ఇంకా ముందే రావచ్చని తల్లికి ఇప్పుడే చెప్పి ఉంచాలి.

ఇప్పటికే నోటి స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకు ‘అది ఆపెయ్’ అన్న సలహా కన్నా ప్రమాదకరమైనది లేదు. ముందు కొత్త మందు పట్టాలి, కొత్త పొక్కులు ఆగాలి, అప్పుడు మెట్టు మెట్టుగా దించాలి. యాంటీబయాటిక్ అసలు వద్దని మా మాట కాదు. తెరుచుకున్న చర్మం గుండా క్రిములు నిజంగానే రక్తంలోకి పోతాయి. బ్లడ్ కల్చర్ తీసి ఇవ్వండి, కల్చర్‌లో ఏమీ రాకపోతే ఆపండి.

పెద్దాసుపత్రికి పంపే చీటీ మీద మాకు కావలసినవి కొన్నే: బరువు, ఏడు విలువలతో వేసిన మార్కులు, అవి చూసిన టైము, వాడిన స్టెరాయిడ్ పేరు, చివరి మోతాదు ఎప్పుడు పడిందో, క్రియాటినిన్, ఆడవాళ్లకు చివరి నెలసరి తేదీ. ఇంకొకటి. బస్సులోనో అంబులెన్సులోనో రోజు గడిచేసరికి పొక్కులు ఎండి పొరలైపోతాయి. చేరాక చూసే వైద్యుడికి మిగిలేది ఊడుతున్న ఎర్రటి ఒళ్లు మాత్రమే, పేరు పెట్టడం కష్టమవుతుంది. కాబట్టి పొక్కులు కనిపించిన పూటే ఫోనుతో దగ్గర నుంచి రెండు, దూరం నుంచి ఒకటి ఫొటో తీసి, తేదీతో సహా ఆ చీటీతో పంపండి.

చర్మవ్యాధుల విభాగంలో పనిచేసే కొందరు వైద్యులు, నర్సులు